శ్వాసమార్గం: మ్యూకోపాలీశాకరైడోసిస్ చరిత్రలో ఆలస్యంగా తెరుచుకున్న అధ్యాయం

1917లో కెనడాలోని విన్నిపెగ్ వైద్యుడు చార్లెస్ హంటర్ ఇద్దరు అన్నదమ్ముల వ్యాధిలక్షణాలను వర్ణించాడు. పొట్టి మెడ, బిగిసిన కీళ్లు, వినికిడి లోపం వాటిలో ముఖ్యమైనవి. 1919లో మ్యూనిక్‌లో గెర్‌ట్రూడ్ హర్లర్, 1929లో మోంటెవిడియోలో లూయిస్ మోర్కియో ఈ కోవకు చెందిన బాలరోగులనే పరిచయం చేశారు. 1936లో ఇంగ్లండు వైద్యులు దీనిని ‘గార్గోయిలిజం’ అన్నారు. పాత చర్చీల చూరుల వద్ద నీరు జారే రాతి వికృతరూపాల పేరది. ఆ మాట రోగి బాధకంటె చూసినవారి దృష్టినే ఎక్కువగా తెలుపుతుంది. పేర్లకు ముఖమూ ఎముకలూ ఆధారమయ్యాయి గాని ఊపిరి కాలేదు.

గ్లైకోసామినోగ్లైకాన్లనే పొడవైన చక్కెర గొలుసులను విడగొట్టే ఎంజైము పుట్టుకతోనే లోపించడం ఈ వ్యాధికి మూలం. విడిపోని పదార్థం కణాలలోని లైసోజోములలో పేరుకుంటుంది. నాలుక, టాన్సిళ్లు, స్వరపేటిక, శ్వాసనాళపు గోడ మందమవుతాయి. తీవ్రరూపాలలో పిల్లలు చిన్నవయసులోనే మరణించేవారు కనుక పెద్దల శ్వాసమార్గం గురించి ప్రశ్న అంతగా తలెత్తలేదు. 1962లో హెరాల్డ్ షై వర్ణించిన తేలికపాటి రూపం మాత్రం యౌవనాన్ని దాటి బతికేవారూ ఉన్నారని చూపింది.

1968లో అమెరికాలో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం హర్లర్, హంటర్ రోగుల చర్మకణాలను కలిపి పెంచింది. ఒకరి కణాల లోపాన్ని మరొకరి కణాలు సరిదిద్దాయి. ఎంజైమును బయటినుంచి అందించవచ్చుననే ఆశకు బీజం అక్కడే పడింది. 2003లో లారోనిడేజ్‌కు, 2014లో మోర్కియో వ్యాధి ‘ఎ’ రకానికి ఎలోసల్ఫేజ్‌కు అమెరికాలో అనుమతి లభించింది. అయితే మృదులాస్థిలో రక్తనాళాలుండవు; రక్తంలోకి ఎక్కించిన ఎంజైము అక్కడికి చేరడం కష్టం.

ఈ పరిమితి మోర్కియో వ్యాధిగల పెద్దలలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎత్తు పెరగడం ముందే ఆగి, ఛాతీ ఇరుకుగా మిగులుతుంది. శ్వాసనాళం ఆ చోటుకు మించి పొడవై వంకర తిరుగుతుంది. ముందునుంచి పెద్ద ధమని దానిని నొక్కుతుంది. కొందరు మెడను వెనక్కి వాల్చి కూర్చుంటేనే గాలి ఆడుతుంది. తుంటి శస్త్రచికిత్స వంటి మామూలు అవసరానికి మత్తు ఇవ్వవలసి వచ్చినా ప్రాణసంకటమే. మెడపైభాగపు వెన్నెముక బలహీనం కావడంతో గొట్టం అమర్చేటప్పుడు తలను గట్టిగా వంచితే వెన్నుపాము దెబ్బతినవచ్చు. గొంతు కింద రంధ్రం చేద్దామంటే మెడలో చోటు చాలదు, వంకరనాళంలో సాధారణ గొట్టం ఇమడదు. అందుకే వంగే ఫైబర్ ఆప్టిక్ దర్శిని ఇటువంటి రోగులకు ముఖ్యాధారమైంది. ఇటీవలి సంవత్సరాలలో అమెరికాలో కొందరు శస్త్రవైద్యులు మితిమీరి పొడవైన నాళభాగాన్ని కత్తిరించి మళ్లీ అతికిస్తున్నారు.