మహలఖాబాయి యైశ్వర్యము

మన దేశచరిత్రలను తిరుగవేసినచో రాజుల పేరులు, యుద్ధముల తేదీలు, కోటల కొలతలు పుష్కలముగ దొరకును. స్త్రీల పేరులు దొరకుట యరుదు. దొరకినను వారు రాణులుగనో, పతివ్రతలుగనో, కావ్యనాయికలుగనో కనబడుదురు. తన ధనమును తానే లెక్కచూచుకొని, తన భూమి ఫలమును తానే యనుభవించి, దానిని దేనికి వినియోగింపవలెనో తానే నిర్ణయించిన స్త్రీ మాత్రము మిక్కిలి యరుదు. అట్టి యొక స్త్రీ పదునెనిమిదవ శతాబ్దపు చివర మన తెలంగాణమున నుండెను. ఆమె జీవయాత్రలో నొక మజిలీ మన నిర్మలయందే పడినది. ఆమెయే మహలఖాబాయి చందా. ఆమె యాటపాటలను గూర్చి యిదివరకు పలువురు వ్రాసియున్నారు. మేము ఆమె యాస్తిని గూర్చి విచారింపదలచితిమి. ఏలయన, స్త్రీకి ధనము ఏ దారిని వచ్చినది, ఏ దారిని రాలేదు అను ప్రశ్నలోనే యొక సంఘముయొక్క నీతి యంతయు బయటపడును.

మొదట నిర్మల సంగతి చెప్పవలెను. ఈ పట్టణము నిమ్మనాయుని పేర వెలసినదని ప్రతీతి. పొణికి కొయ్యతో చేయు బొమ్మలవలన దీని కీర్తి దేశాంతరములకు ప్రాకినది. కాని యా కాలమున నిర్మల పేరు వినగనే హైదరాబాదు దర్బారునకు జ్ఞాపకము వచ్చునవి బొమ్మలు కావు, తిరుగుబాట్లు. 1752లో సలాబతుజంగు ఫ్రెంచి సేనానియగు బుస్సీతో కలసి ఔరంగాబాదునుండి గోలకొండకు వచ్చుచుండగ నిర్మల రాజు వారిపై బడి, పోరాడి మడిసెను. పిమ్మట ఈ గోదావరీ ప్రాంతమునందంతట జఫరుద్దౌలా యను సర్దారుని పలుకుబడి సాగినది. జగిత్యాల కోటను ఆయన కొఱకు ఫ్రెంచి శిల్పులు 1747లో కట్టిరి. ఎలగందుల కోటపైనున్న మసీదు 1754 ప్రాంతమున ఆయన కట్టించినదే. నిర్మల చుట్టునున్న గుట్టలపై బురుజులు లేచినవి. ఇంత బలము చేతనుండగ ఆయన వంశమువారు ప్రభువును ధిక్కరించిరి. 1783లో నిజాము అలీఖాను స్వయముగ దండు నడపుకొని నిర్మలకు వచ్చి వారి నణచెను.

ఆ దండులో పదునైదేండ్ల బాలిక యొకతె యుండెను. 1768లో పుట్టిన మహలఖాయే యా బాలిక. అంతకు ముందటి యేట, అనగా 1782లో, కోలారు దండయాత్రలోను ఆమె నిజాము వెంట నడచినది. 1789లో పానగల్లు దండయాత్రకును వెడలినది. ఆ యాత్రలలో ఆమె పురుషవేషము ధరించెడిదనియు, విల్లును ఈటెను నేర్పుతో ప్రయోగించెడిదనియు చెప్పుదురు. మన పల్లెలలో అదే కాలమున అదే వయస్సు బాలిక అత్తవారింట గడప దాటక యుండెడిది. ఈమె గుఱ్ఱములు, ఫిరంగులు, గుడారముల నడుమ గోదావరి కావలి యొడ్డునకు సాగినది. ఇది స్వేచ్ఛయా, దాస్యమా యని యడిగినచో రెండును అని చెప్పవలెను. గడప దాటుట స్వేచ్ఛయే. కాని ఆ గడప దాటించినది ఆమె యిచ్ఛ కాదు, ప్రభువు యాజ్ఞ.

ఆమె యీ స్థితికి వచ్చిన విధము తెలిసికొన్నగాని తక్కిన కథ బోధపడదు. ఆమె పోషణలో గులాం హుసేనుఖాను జౌహరు అను పండితుడు పారసీ భాషలో చరిత్ర యొకటి వ్రాసెను. దానిబట్టి ఆమె మాతామహి మర్యాదగల కుటుంబపు గృహిణి. భర్త గుజరాతున ప్రభుత్వోద్యోగము చేయుచు, సొమ్ము విషయమున నేరము మోపబడి, భార్యాబిడ్డలను విడిచి పరారియయ్యెను. ఇల్లు పోయినది, పరువు పోయినది, చేత చిల్లిగవ్వ లేదు. బిడ్డలతో ఆమె యాటపాటలవారి యాశ్రయమున చేరినది. కుమార్తెలు ఆ విద్యనే నేర్చి, బుర్హానుపురము మీదుగ దక్కనునకు వచ్చిరి. వారిలో నొకతె రాజకువరుబాయి. ఆమె కుమార్తె మన మహలఖా. బిడ్డలు లేని పినతల్లివలె ఆదరించి ఆమెను పెంచినది మెహతాబుబాయి. ఆమెకు దివానుగానుండిన రుక్నుద్దౌలా యింట గొప్ప పలుకుబడి యుండెను. ఆ నీడననే బాలికకు చదువు, సంగీతము, గుఱ్ఱపుస్వారీ యబ్బినవి.

చదువరులు ఇచ్చట నొక క్షణము నిలిచి ఆలోచింపవలెను. ఆ మాతామహి చేసిన తప్పేమి? భర్తను నమ్ముటయే. ఆమెకు సొంతముగ నొక యెకరము భూమియో, నొక చేతివిద్యయో యుండినచో ఆ కుటుంబము బజారున బడియుండదు. కులస్త్రీకిని గణికకును నడుమ పెద్ద గోడ యున్నదని మన పెద్దలు తలచెడివారు. ఆ గోడ ఒక పురుషుని పలాయనముతో కూలిపోవునంత పలుచనిదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

నిజాము అలీఖాను పాలనలోను, 1803లో గద్దెనెక్కిన సికందరుజాహు పాలనలోను మహలఖా యున్నతి నానాట పెరిగినది. చంద్రముఖి యను నర్థముగల మహలఖా బిరుదము ఆమెకు దర్బారునందే లభించినది. ఉమరావుల పంక్తిలో ఆమెకు స్థానమిచ్చిరి. మంత్రి అరస్తుజాహు, మీర్ ఆలము, రాజా రావురంభ మొదలగువారు ఆమె గోష్ఠికి వచ్చెడివారు. ఆమె వెడలునపుడు నూరుమంది భటులు వెంట నడచెడివారని చెప్పుదురు. హైదరుగూడ, చందానగరు, సయ్యదుపల్లి, అడికుమెట్టు మొదలగు గ్రామములు ఆమెకు జాగీరులుగ నిచ్చిరి.

జాగీరు అను మాటను ఇచ్చట వివరింపవలెను. జాగీరనగా భూమి కాదు. ఆ భూమిపై వచ్చు శిస్తును వసూలు చేసికొను నధికారము. ప్రభువు ఇచ్చును, ప్రభువు తీసికొనగలడు. జాగీరుదారు చనిపోయినచో అది వారసులకు దక్కుట ప్రభువు దయపై నాధారపడియుండును. కావున మహలఖా ధనము గొప్పదేకాని, దాని పునాది పరుల యనుగ్రహము. ఈ సంగతి ఆమెకు చక్కగ తెలిసినట్లు ఆమె వ్యయమే సాక్ష్యమిచ్చుచున్నది. వచ్చిన శిస్తును ఎవరును తిరిగి తీసికొనలేని వస్తువులుగ మార్చుటయే ఆమె చేసిన పని. భవనములు కట్టించినది, గ్రంథాలయమును కూర్చినది, బాలికలకు సంగీతనృత్యములు నేర్పించినది, చరిత్రను వ్రాయించినది. 1792లో మౌలాలీ గుట్ట పాదమున తల్లికి సమాధియు, దాని చుట్టు తోటయు నిర్మించినది. 1824లో తాను మరణించినపుడు తల్లి ప్రక్కననే నిద్రించినది. ఈ కట్టడము చిరకాలము పాడుబడి, 2010-11 సంవత్సరములలో మరల బాగుచేయబడినది. అడికుమెట్టు ప్రాంతమున ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయమున్నది. ఆమె జాగీరుగానుండిన నేలపై నేడు వేలమంది బాలికలు చదువుకొనుచున్నారు. ఆ బాలికలలో ఆమె పేరు విన్నవారు కొలదిమందియే.

ఆమె ధనములో నెవరును హరింపలేనిది ఆమె కవిత్వము. 1798లో 125 గజళ్లతో ఆమె దివాను సిద్ధమైనది. ఉర్దూ భాషలో దివాను కూర్చిన తొలి స్త్రీలలో ఆమె యొకతె. ఒక్కొక్క గజలునందు అయిదేసి ద్విపదలు మాత్రముండుట దాని లక్షణము. మరుసటి యేట దాని ప్రతి నొకదానిని ఆంగ్లోద్యోగియగు జాను మాల్కమునకు ఆమె కానుకగ నిచ్చినది. ఆ ప్రతి లండను చేరి నేటికిని భద్రముగ నున్నది. జాగీరులు పోయినవి, నగలు పోయినవి, దర్బారే పోయినది, పుస్తకము మిగిలినది.

ఇచ్చట సంస్కారప్రియులగు కొందఱు ఆక్షేపింపవచ్చును. గణికావృత్తిలోనుండిన స్త్రీని మీరు పొగడుచున్నారా, వీరేశలింగము పంతులుగారు మొదలగు పెద్దలు భోగముమేళముల కెదురుగ పోరాడినది మఱచితిరా అని వారు అడుగవచ్చును. మేము మఱువలేదు. ఆ పోరాటము న్యాయమైనది. ఒక మహలఖాకు పల్లకియు భటులును లభించియుండవచ్చును. ఆమె వెనుక పేరులేక నశించిన వేల స్త్రీలకు లభించినది వ్యాధి, వృద్ధాప్యము, దారిద్ర్యము. మన కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములలో పేద దళిత బాలికలను దేవతకు జోగినులుగ విడిచిపెట్టు దురాచారము ఇరువదవ శతాబ్దపు చివరివఱకును సాగినది. 1988లో ఆంధ్రప్రదేశ శాసనసభ దానిని నేరముగ నిర్ణయించి చట్టము చేయవలసివచ్చినది. ఆ జోగినికి జాగీరు రాలేదు, దివాను రాలేదు. గ్రామములోని పెద్దలకు ఆమె శరీరము కావలసివచ్చినది, ఆమె యాకలి కాదు. కావున మేము పొగడునది వృత్తిని కాదు. ఆ వృత్తిలోనున్న స్త్రీకి సంఘము ఒసగిన యాస్తిహక్కును, చదువును గృహిణికి ఏల ఒసగలేదని యడుగుచున్నాము.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితమైనది కాదు. 1605నుండి మచిలీపట్టణమున వర్తకము సాగించిన డచ్చివారిని మన తెలుగువా రెఱుగుదురు. వర్తకముచేత లక్షలు గడించిన యా జాతిలో స్త్రీల స్వాతంత్ర్యము తక్కిన యూరోపుకంటె మెరుగని ఆ కాలపు యాత్రికులు వ్రాసిరి. ఆ కుంఫిణీవారి తూర్పు రాజధాని జావాలోని బటేవియా, నేటి జకార్తా. అచ్చట కొర్నేలియా యను ధనికురా లుండెను. తండ్రి డచ్చి వర్తకుడు, తల్లి జపానుదేశపు స్త్రీ. మొదటి భర్త కుంఫిణీలో పెద్ద వర్తకుడు. ఆ దంపతులను, వారి బిడ్డలను 1665లో చిత్రించిన పటము నేటికిని ఆమ్‌స్టర్‌డాములో నున్నది. 1672లో భర్త మరణించినపుడు అపారమైన సంపద ఆమె చేతికి వచ్చినది. వితంతువుగ నున్నంతకాలము ఆమె తన ధనమునకు తానే యేలిక. 1676లో ఆమె బిట్టరు అను న్యాయవాదిని పెండ్లాడినది. ఆనాటి డచ్చి ధర్మమునుబట్టి భర్త భార్యకు సంరక్షకుడు. ఆమె యాస్తిని నడపువాడు అతడే. ముందుగ వ్రాయించుకొన్న యొడంబడిక యామెను కాపాడలేదు. సుమారు పదునైదేండ్లు వ్యాజ్యములు నడచినవి. ఆమె వృద్ధాప్యమున సముద్రము దాటి హాలండు న్యాయస్థానమువఱకు పోయినది. తుదకు ఆమె యాస్తి యాదాయములో సగము భర్తపాలయ్యెను.

ఈ రెండు జీవితములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. కొర్నేలియాకు వివాహముండెను, గౌరవముండెను; వివాహమే యామె ధనమును మ్రింగినది. మహలఖా వివాహమాడలేదు, ఎవనికిని భార్య కానందుననే యామె ధనము ఆమెదిగ నిలిచినది. గౌరవము కావలెనన్న ఆస్తిని వదలుకొనుము, ఆస్తి కావలెనన్న గౌరవమును వదలుకొనుము అని తూర్పును పడమరయు స్త్రీతో చేసిన బేరమిది. మహలఖా ఈ బేరములోని యన్యాయము నెఱిగినట్లే యున్నది. ఆమె తన సొత్తును నిలువనీడలేని స్త్రీలకు చెందునట్లు చేసెనని చెప్పుదురు. తన మాతామహికి నాడు దొరకని నీడను ఆమె యితరులకు కల్పింపజూచినదని మాకు తోచుచున్నది.

మన ధర్మశాస్త్రములలో స్త్రీధనమను మాట లేకపోలేదు. విజ్ఞానేశ్వరుడు దాని యర్థమును విశాలముగనే చెప్పెను. ఆచరణలో నది నగలకును చీరెలకును కుదించుకొనిపోయినది. భర్త భూమిని వితంతువు అనుభవింపవచ్చునేకాని అమ్మజాలదని ఆంగ్లేయుల న్యాయస్థానములు స్థిరపఱచినవి. 1937 చట్టము వితంతువునకు భర్త యాస్తిలో భాగము నిచ్చినను ఆ పరిమితిని తొలగింపలేదు. 1956 చట్టము తొలగించినది. కుమార్తెకు పుట్టుకతోనే కుటుంబాస్తిలో సమభాగమను సూత్రమును 1986లో ఆంధ్రప్రదేశము దేశమునకు ముందుగ ఆమోదించినది. 2005లో భారతదేశమంతయు ఆ దారికి వచ్చినది. ఇది మనము గర్వింపదగిన సంగతి.

కాని చట్టము కాగితముపై నుండును. భూమి పొలములో నుండును. మన గోదావరీ తీరపు గ్రామములలో నాట్లువేయు చేతులు స్త్రీలవి. బీడీలు చుట్టు వ్రేళ్లు స్త్రీలవి. పట్టాపుస్తకము తెరచినచో చాలచోట్ల కనబడు పేరు పురుషునిది. పెండ్లినాడు కట్నమిచ్చితిమిగదా, భూమిలో భాగమేల అని తోబుట్టువును అడుగు నన్నలు ఇంకను ఉన్నారు. తోడబుట్టినవానితో బంధము తెగునను భయముచేత తన భాగమును తానే విడిచిపెట్టు నాడుబిడ్డలు అంతకంటె నెక్కువగ నున్నారు. కట్నము ఆమె చేతికి రాదు. అత్తవారి చేతికి పోవును. భూమి మాత్రమే యామెదిగ నిలువగలదు.

నిర్మల కోట బురుజులను చూడబోవువారు ఆ దారిని 1783లో నడచిన పదునైదేండ్ల బాలికను ఒకసారి తలచుకొందురుగాక. ఒక స్త్రీ తన యన్నము తాను తినుటకు ప్రభువుల దయ కావలసివచ్చిన కాలము గడచినది. ఇప్పుడు కావలసినది తండ్రి న్యాయబుద్ధి, అన్న న్యాయబుద్ధి. దర్బారులో నొక్కతెకు దొరకిన యైశ్వర్యము మనకు ముఖ్యము కాదు. పెండ్లియైన కూతురి పేర, పెండ్లికాని కూతురి పేర, విధవయైన కోడలి పేర ఎకరమో రెండెకరములో పట్టాలో వ్రాయబడిననాడు మన జిల్లాల స్త్రీలకు ఆస్తియు గౌరవమును ఒక్కచోట దొరకును.