పేరు కొనవచ్చు, వేరు కొనలేము

మైపాడు తీరంలో సాయంకాలం వేళ పిల్లలు ఇసుకలో బంతి తన్నుకొంటూ ఉంటారు. రెండు జతల చెప్పులే వారికి గోలు స్తంభాలు. ఏ అలో వచ్చి ఒక చెప్పును ఈడ్చుకొనిపోతే ఆట ఆపి, చెప్పును పట్టి తెచ్చి, మరల మొదలుపెడతారు. కందుకక్రీడ అనే మాటను కావ్యాలలో చదివినవాడనే గాని, నేను కాలితో బంతిని తన్నినవాడను కాను. ఒంటి కంటితో బంతిని, ఒంటి కంటితో గడియారాన్ని చూసే తెలుగు అయ్యవారిని. అయినా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర వ్రాయడానికి పూనుకొన్నాను. దానికి కారణం మా మనుమడు అడిగిన ఒక ప్రశ్న.

"తాతా, మన హైదరాబాదు టీము ఢిల్లీ టీము ఎట్టా అయింది?"

వ్యాకరణంలో అడిగి ఉంటే ఆదేశమనో ఆగమమనో చెప్పి తప్పించుకొనేవాడిని. ఇది చరిత్ర ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే ఒకటి కాదు, రెండు క్లబ్బుల కథ చెప్పాలి. ముందు పాతది.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు ఉండేవారు. 1909లో జన్మించారు, ఉస్మానియాలో చదివారు, నగరంలోని బడులలో పాఠాలు చెప్పారు. 1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడే ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మార్లు గెలిచింది. రహీం శిక్షణలోనే భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. ఆ ఒలింపిక్స్ జట్టులో హైదరాబాదు గడ్డమీద బంతి తన్ని పెరిగినవారు పలువురు. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం వారిలో ఒకరు.

ఈ విజయాల వెనుక ఉన్న పనిని గమనించండి. రహీం పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనే ఆడాలని ఒక పోటీ. బంతిని తనవద్దే ఉంచుకొని పరుగెత్తరాదు, తోటివానికి అందించాలని మరొకటి. ఏ అంగం బలహీనమో దానికే అభ్యాసం. ఇది బడిపంతులు చేసే పని. పద్యం బాగా చదివే పిల్లవాని చేత లెక్కలు చేయించడం వంటిది. ఆటగాళ్ళకు పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది, నెలనెలా జీతం వచ్చేది, ఇల్లు ఆ ఊరిలోనే ఉండేది. 1963 జూన్‌లో రహీం క్యాన్సరుతో కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. తరువాతి దశాబ్దాలలో ఆ దీపం క్రమంగా కొడిగట్టింది.

ఇక కొత్త కథ. 2014 అక్టోబరులో ఎనిమిది జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ ప్రారంభమయింది. దీని పద్ధతి వేరు. ఐరోపా దేశాలలో ఒక ఊరి క్లబ్బు కింది తరగతి నుండి గెలుస్తూ పైకి వస్తుంది, ఓడిపోతే కిందికి దిగుతుంది. ఈ లీగులో మొదట అట్లా ఉండేది కాదు. రుసుము చెల్లించి స్థానం కొనుక్కోవలసి ఉండేది. దానినే ఫ్రాంచైజీ అంటారు. అట్టడుగున నిలిచినా స్థానం పోయేది కాదు. కాని యజమానికి డబ్బు చాలకపోతే పోయేది. తొలి ఐదు సీజన్లలో ఈ లీగులో తెలుగు నేల పేరుతో జట్టు లేనే లేదు. 2019లో పుణె జట్టు మూతపడగా, ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. అంటే పుట్టుకలోనే అది మరొక ఊరివారు విడిచిపోయిన ఇల్లు.

తొలి పోటీ 2019 అక్టోబరులో కలకత్తాలో. ఐదు గోళ్ళు తిని, ఒక్కటీ కొట్టకుండా తిరిగివచ్చింది. వారం తిరిగేసరికి గచ్చిబౌలి మైదానంలో కేరళ బ్లాస్టర్స్ మీద 2-1 తేడాతో మొదటి గెలుపు దక్కింది. అంతే, ఆ సీజన్‌లో 18 పోటీలలో రెండే విజయాలు. పది జట్లలో పదవ స్థానం.

2020లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశపు శిక్షకుడు వచ్చారు. చిన్న వయసు వారిని నమ్మి ఆడించారు. మరుసటి సీజన్‌లో జట్టు ఐదవ స్థానానికి ఎగబాకింది. 2021-22లో పట్టికలో రెండవ స్థానం. నైజీరియా వీరుడు ఓగ్బెచె ఒక్కడే 18 గోళ్ళు చేసి లీగులో అగ్రగణ్యుడయ్యాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో అంతిమ పోరు. ప్రత్యర్థి ఆ కేరళ జట్టే. 68వ నిమిషంలో కేరళ గోలు కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుండి కొట్టిన బంతి గోలై సమం చేసింది. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీ కిక్కులలో గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోడవలె నిలిచాడు. హైదరాబాదు 3-1తో గెలిచింది. ఆ రాత్రి మా ఇంట మనుమడు మంచం మీద ఎగిరిన ఎగురుడుకు పట్టె విరిగింది. రాష్ట్రం విడిపోయి ఎనిమిదేండ్లయినా వాని లెక్కలో అది "మన" టీమే. అప్పటికి ఆంధ్రప్రదేశ్ పేరుతో ఆ లీగులో జట్టు లేదు, వాడు మరి ఎవరిని మన అనుకోవాలి?

ఇక్కడొక విషాదం ఉంది. కరోనా కారణంగా 2020-21, 2021-22 సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి. కనుక హైదరాబాదు జట్టు ఎదిగిన కాలమంతా, విజేత అయిన ఏడాది సహా, హైదరాబాదులో ఆడనే లేదు. కప్పును గెలిచిన జట్టును ఆ ఊరివారు తమ మైదానంలో చూసుకోలేకపోయారు. ఆ రాత్రి సమం చేసినవాడు గోవా కుర్రవాడు, గోలును కాపాడినవాడు గోవావాడు, చివరి కిక్కు వేసిన నర్జరీ అస్సామువాడు. ఇందులో తప్పు లేదు; ఆటకు సరిహద్దులు ఉండరాదు. అయితే ఊరి పేరు తప్ప ఊరిలో దానికి పాతుకొన్నది ఏముందో ఎవరూ అడగలేదు. గెలుస్తున్నప్పుడు ఎవరూ అడగరు.

2022-23లో జట్టు గచ్చిబౌలికి తిరిగివచ్చి, మరల రెండవ స్థానం పొంది, సెమీఫైనల్‌లో పెనాల్టీలకు ఓడింది. మార్కెజ్ వెళ్ళిపోయారు. ఆపైన ధనం ఎండింది. ఆటగాళ్ళకు జీతాలు అందలేదన్న వార్తలు వచ్చాయి. బకాయిల కారణంగా కొత్తవారిని చేర్చుకోరాదని అంతర్జాతీయ సమాఖ్య నిషేధించింది. పేరున్నవారు ఒక్కొక్కరే విడిచిపోయారు. 2023-24లో 22 పోటీలలో ఒకే గెలుపు, అట్టడుగు స్థానం. కప్పు గెలిచి రెండేండ్లే అయింది. మిగిలిన కుర్రవాళ్ళు ఓడిపోతామని తెలిసి కూడా ప్రతి పోటీకి జోళ్ళు కట్టి బరిలోకి దిగారు. ఆ క్లబ్బు చరిత్రలో నాకు కప్పుకన్న ఇది పెద్దదిగా తోస్తుంది. 2024లో యాజమాన్యం మారింది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె ఖాళీలో పుట్టినది హైదరాబాదులో ఖాళీ మిగిల్చి పోయింది.

ఇంగ్లాండులోనూ ఇటువంటిదే జరిగింది. వింబుల్డన్ క్లబ్బును దూరపు ఊరికి తరలించడానికి 2002లో అనుమతి లభించగానే అభిమానులు ఊరుకోలేదు. అదే ఏడు తామే ఒక కొత్త క్లబ్బు పెట్టుకొని, కింది తరగతి నుండి ఆడుకొంటూ, 2011 నాటికి జాతీయస్థాయి లీగులోకి వచ్చారు. క్లబ్బు పోయినా ఊరు మిగిలింది కనుక ఆ పని సాధ్యమయింది. మన వైపు కూడా ఆశ లేకపోలేదు. శ్రీనిధి డెక్కన్ అనే జట్టు 2021-22లో ఐ-లీగ్‌లో ప్రవేశించి, 2022-23లోను, 2023-24లోను వరుసగా రెండవ స్థానంలో నిలిచింది. ఆ గెలుపులకన్న అక్కడ బంతి పట్టే చిన్నపిల్లలు ఎందరన్నదే రేపటికి ముఖ్యం.

మా తీరంలో సరుగుడు మొక్కలు నాటేవారిని చూస్తుంటాను. మొక్కను ఎంత ధర పెట్టి తెచ్చారని గాలి అడగదు. వేరు ఎంత లోతుకు దిగిందో అదే చూస్తుంది. రహీం మాస్టారు నాటినది వేరు. ఆ వేరుకు నీరు పోసేవారు కరవైనా రెండు దశాబ్దాల పాటు దేశానికి ఆటగాళ్ళను ఇచ్చింది. హైదరాబాద్ ఎఫ్.సి. కొన్నది పేరు. కొన్న పేరును మరల అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు.

మనుమడికి ఇదంతా చెప్పలేదు. "టీము వాళ్ళది నాయనా, అందుకని తీసుకొనిపోయారు" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే మనది ఏది తాతా?" అన్నాడు. ఇసుకలో నిలిపిన రెండు జతల చెప్పులను చూపించాను.