సైనిక వాహనాలలో అగ్ని రక్షణ

యుద్ధ ట్యాంకులు, సాయుధ శకటాలు దెబ్బతిన్నప్పుడు లోపలి ఇంధనం, మందుగుండు, హైడ్రాలిక్ నూనె అంటుకోకుండా, అంటుకుంటే వెంటనే ఆరిపోయేలా చేసే ఏర్పాట్లు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా షెర్మన్ ట్యాంకులు తరచూ తగలబడితే నింద పెట్రోలు మీద పడింది. అసలు దోషం చాలావరకు పక్క గోడల వెంట పేర్చిన గుండ్లదని పరిశీలనలో తేలింది. 1944 నుంచి గుండ్లను ట్యాంకు అడుగుభాగానికి దించి, చుట్టూ నీళ్లు, గ్లైకాల్ కలిపిన ద్రవం నింపారు. మంటలు బాగా తగ్గాయి. 1973 అరబ్–ఇజ్రాయెల్ యుద్ధంలో ఇజ్రాయెల్ వాడిన అమెరికా ప్యాటన్ ట్యాంకుల హైడ్రాలిక్ నూనె భగ్గుమని సిబ్బందిని కాల్చింది. ఆ చేదు అనుభవంతో త్వరగా అంటుకోని నూనెలు వచ్చాయి, వేగంగా ఆర్పే వ్యవస్థలకు ప్రాధాన్యం పెరిగింది.

ఈ ఆర్పే వ్యవస్థల్లో ఆప్టికల్ సెన్సర్లు మంటను కొన్ని మిల్లీసెకన్లలోనే పసిగడతాయి. వెంటనే మంటనార్పే వాయువు నింపిన సీసా వాల్వు తెరుచుకుని, సెకనులో నాలుగో వంతు లోపే మంట ఆరిపోవాలి. ఆలస్యమైతే లోపలివారి చర్మం, ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఇందుకు వాడిన హాలాన్ 1301 వాయువు ఓజోన్ పొరకు చేటు కనుక, 1994 నుంచి అభివృద్ధి చెందిన దేశాలు దాని ఉత్పత్తి ఆపాయి.

ఇంధనం ఎక్కడ ఉంచారన్నదీ ముఖ్యమే. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారంలో తయారైన, సైనికులను మోసుకెళ్లే బీఎంపీ-2 శకటానికి వెనక తలుపులు కూడా ఇంధన ట్యాంకులే. సైనికులు దిగేది ఆ తలుపుల నుంచే.