దుడుమ నీళ్లు, గ్రీన్ పిండిమర: పొటెన్షియల్ అనే మాట ఎలా పుట్టింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చీపురుపల్లిలో ఇంటర్ చదివినప్పుడు నన్ను ఏడిపించిన ప్రశ్న ఇది. గురుత్వ క్షేత్ర తీవ్రతకీ, గురుత్వ పొటెన్షియల్‌కీ తేడా ఏటి? ఒకటి సదిశ, ఒకటి అదిశ అని బట్టీపట్టి రాసీసాను. మార్కులొచ్చాయి గానీ అర్థం కాలేదు. అర్థమైంది దుడుమ జలపాతం చూసినాకే.

1687లో న్యూటన్ లెక్కంతా లాగుడు బలం గురించే. ఒక చోట కిలో బరువుని భూమి ఎంత గట్టిగా, ఎటు లాగుతాదో చెప్పేది క్షేత్ర తీవ్రత. 1770లలో లగ్రాంజ్, తర్వాత లాప్లాస్ ఇంకో దారి పట్టారు. దిక్కుల గొడవ లేకుండా ప్రతి చోటుకీ ఒక్క అంకె ఇచ్చి, ఆ అంకె మారే తీరు నుంచి బలాన్ని రాబట్టారు. దానికి 'పొటెన్షియల్' అని పేరు పెట్టింది జార్జ్ గ్రీన్, 1828లో, విద్యుత్తు, అయస్కాంతాల మీద రాసిన వ్యాసంలో. ఈయన నాటింగ్‌హామ్‌లో పిండిమర నడిపినవాడు. చిన్నప్పుడు బడికెళ్లింది ఏడాదో, ఇంకాస్తో. కాలేజీలో చేరింది నలభయ్యో ఏట! బతికుండగా ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పోయినాక విలియం థామ్సన్ వెతికి పట్టుకుని మళ్లీ అచ్చు వేయించాడు.

ఇప్పుడు దుడుమకి రండి. మాచ్‌ఖండ్ నది అక్కడ 500 అడుగులకు పైగా దూకుతాది. పైన రాయినీ కింద రాయినీ భూమి లాగే బలం దాదాపు ఒకటే, తేడా 20 వేలలో ఒక వంతు. మరి కరెంటు ఎక్కడిది? మీటరు దిగితే కిలో నీటికి 9.8 జౌళ్లు, 150 మీటర్లకి 1470 జౌళ్లు. అదే పొటెన్షియల్ తేడా. మీటరుకి ఎంత మారుతుందో ఆ 9.8 అంకే క్షేత్ర తీవ్రత. అడ్డంగా ఎంత నడిచినా పొటెన్షియల్ మారదు.

పరీక్షలో ఒక మెలిక పెడతారు, చూసుకోండి. భూమి నడిమధ్యలో తీవ్రత సున్నా, పొటెన్షియల్ మాత్రం సున్నా కాదు, అక్కడే అన్నిటికన్నా తక్కువ. సున్నా అనంత దూరంలో పెట్టుకున్నాం కాబట్టి మనమున్న చోటా అది రుణాత్మకమే.

ఆంధ్ర, ఒరిస్సా కలిసి కట్టిన మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు తీయడం మొదలెట్టారు. నీళ్లు నిలబెట్టడానికి జలపుట్ డ్యామ్ కట్టినప్పుడు మునిగిన ఊళ్లలో మన ఆదివాసీలవి చాలా ఉన్నాయి. ఎత్తు మన కొండలది. ఆ ఎత్తుకి కిలోకి ఇన్ని జౌళ్లని లెక్క కట్టారు గానీ, ఊళ్లు ఒదులుకున్నోళ్లకి అలాంటి లెక్క ఎవరూ కట్టలేదు.