ఆసుపత్రి గేటు దగ్గర అభిమాని

1962 మార్చిలో భారత క్రికెట్ జట్టు వెస్టిండీస్ పర్యటనలో ఉంది. బ్రిడ్జ్‌టౌన్‌లో బార్బడోస్ జట్టుతో ఆడుతుండగా చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలింది. అప్పటికింకా బ్యాట్స్‌మన్ నెత్తిన హెల్మెట్ లేదు. పుర్రె చిట్లి, ప్రాణం మీదికి వచ్చింది. రక్తం కావాలంటే ముందుగా చెయ్యి చాపినవాడు వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్. మనవాళ్లలో చందు బోర్డే, నాడకర్ణి, ఉమ్రిగర్ కూడా రక్తమిచ్చారు. హైదరాబాద్ జయసింహ ఆ జట్టులోనే ఉన్నాడు. మిగతా పర్యటనకు పటౌడీ కెప్టెన్ అయ్యాడు. అప్పుడతని వయసు 21 ఏళ్లు. అంతకు ముందు ఏడాదే కారు ప్రమాదంలో అతను ఒక కంటి చూపు పోగొట్టుకున్నాడు.

కాంట్రాక్టర్ బతికాడు గాని మళ్లీ టెస్టు ఆడలేదు. ఇక్కడి అభిమానికి ఆ రోజుల్లో దక్కింది రేడియో వార్తల్లో నాలుగు ముక్కలు, మర్నాటి పేపర్లో ఇంకో నాలుగు. మంచం మీది మనిషి ఫోటో కోసం ఎవరూ కాచుకుని కూర్చోలేదు. ఆ రక్తదానం జ్ఞాపకంగా బెంగాల్ క్రికెట్ సంఘం 1981 నుంచి ఫిబ్రవరి 3న ఫ్రాంక్ వోరెల్ దినంగా రక్తదాన శిబిరం పెడుతోంది. గాయపడ్డ ఆటగాడి కోసం తపించే మనసుకు ఇంతకన్నా మంచి దారి నాకు మరొకటి కనిపించలేదు.

ఫార్ములా వన్ రేసు డ్రైవర్ నికీ లౌడా నాటికి పరిస్థితి మారింది. 1976 ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో అతని ఫెరారీ మంటల్లో చిక్కుకుంది. ముఖం కాలింది, విషవాయువులు పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆసుపత్రిలో చర్చి ఫాదర్ వచ్చి అంతిమ ప్రార్థన కూడా చేసి వెళ్లాడు. ఆరు వారాలకే లౌడా మోంజాలో కారెక్కి నాలుగో స్థానంలో నిలిచాడు. కాలిన ముఖాన్ని కెమెరాల ముందు దాచుకోలేదు. ఆ తర్వాత జీవితమంతా ఎర్ర టోపీ పెట్టుకుని అలాగే తిరిగాడు. అది అతని నిర్ణయం. నిర్ణయించుకునే స్పృహ, నోరు అతనికి మిగిలాయి. ఆ రెండూ లేని మనిషి తరఫున ఎవరు మాట్లాడాలి?

1994 మే 1న ఇమోలా రేసులో అయర్టన్ సెన్నా కారు గోడను ఢీకొన్నాక హెలికాప్టర్ నుంచి తీసిన దృశ్యాలు ప్రపంచమంతా ప్రత్యక్షంగా ప్రసారమయ్యాయి. ఇళ్లలో టీవీల ముందు కూర్చున్నవాళ్లకు తాము చూస్తున్నదేమిటో అర్థం కావడానికే చాలాసేపు పట్టింది. సెన్నా స్నేహితుడైన ఇటలీ ఫోటోగ్రాఫర్ ఏంజెలో ఓర్సి దగ్గర మాత్రం ఇంకా దగ్గరి నుంచి తీసిన ఫోటోలు ఉన్నాయి. కుటుంబం వద్దంది. అవి అచ్చు కాలేదు. ఎంత డబ్బు వచ్చి ఉండేదో ఊహించుకుంటే, ఆ ఒక్క పని చాలు ఓర్సిని గుర్తుపెట్టుకోవడానికి.

ఈ చరిత్రలో పెద్ద మలుపు మైకేల్ షుమాకర్‌ది. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్, 91 విజయాలు. రేసుల్లో గంటకు 300 కిలోమీటర్ల వేగానికి తట్టుకున్న మనిషి, 2013 డిసెంబర్ 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్ మంచు కొండల్లో స్కీయింగ్ చేస్తూ పడి బండకు తల కొట్టుకున్నాడు. హెల్మెట్ పగిలిపోయింది. గ్రెనోబుల్ ఆసుపత్రిలో రెండు ఆపరేషన్లు చేసి, మందులతో కోమాలో ఉంచారు. 2014 జనవరి 3న అతనికి 45 ఏళ్లు నిండాయి. ఆ రోజు ఫెరారీ అభిమానులు ఎర్ర జెండాలతో వచ్చి ఆసుపత్రి బయట నిలబడ్డారు. ఎవరినీ ఏమీ అడగలేదు. లోపలికి రాబోలేదు.

అదే గేటు దగ్గరికి మరో రకం మనుషులూ వచ్చారు. ఒక విలేకరి చర్చి ఫాదర్ వేషం వేసుకుని లోపలికి చొరబడబోయాడని షుమాకర్ మేనేజర్ సబీనా కేమ్ వెల్లడించింది. కొద్ది రోజులకే భార్య కొరినా విలేకరులను వేడుకుంది: ఆసుపత్రి వదిలి వెళ్లండి, డాక్టర్లను పని చేసుకోనివ్వండి, మా కుటుంబాన్ని వదిలేయండి అని. ఆ ఏడాది జూన్‌లో షుమాకర్ కోమా నుంచి బయటపడి లొజాన్ ఆసుపత్రికి మారాడు. అప్పుడే వైద్య పత్రాలు దొంగిలించి అమ్మజూపారన్న కబురు బయటికొచ్చింది. ఆ కేసులో అనుమానితుడు జైలు గదిలోనే చనిపోయాడు. సెప్టెంబర్‌లో షుమాకర్‌ను జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న ఇంటికి తీసుకెళ్లారు. అప్పటి నుంచి ఆ ఇంటి తలుపు మూసే ఉంది.

కుటుంబం మాట్లాడకపోతే వదంతులు పుడతాయని, కాబట్టి తప్పు కుటుంబానిదేనని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మెదడుకు తగిలిన దెబ్బ కాలు విరగడం లాంటిది కాదు. ఆరు వారాలకు కట్టు విప్పేస్తామని ఎవరూ చెప్పలేరు. ఒక రోజు కళ్లతో పలకరించిన మనిషి మరో రోజు పలకకపోవచ్చు. ఇంట్లోవాళ్లు ఇవాళ 'కొంచెం నయం' అన్నారంటే, ఆ మాటను రేపటి నుంచి ప్రపంచం కొలబద్దగా పట్టుకుంటుంది. పైగా ప్రమాదానికి ముందు కూడా షుమాకర్ తన పిల్లలను కెమెరాలకు దూరంగానే పెంచాడు. 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో కొరినా చెప్పింది కూడా అదే: ఆయన మమ్మల్ని ఎప్పుడూ కాపాడాడు, ఇప్పుడు మేము ఆయన్ని కాపాడుతున్నామని.

మా టికెట్ డబ్బుతోనే కదా ఛాంపియన్ అయ్యాడని అభిమాని అనవచ్చు. ఆ డబ్బుకు బదులు అభిమానికి ఆ రేసులు, ఆ గెలుపులు చూడడం దక్కింది. లెక్క అక్కడే చెల్లిపోయింది. 2016లో తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత 75 రోజులు చెన్నై ఆసుపత్రిలో ఉన్నప్పుడు జనం అడిగిన ప్రశ్నలు వేరు. రాష్ట్రాన్ని నడిపే మనిషి ఫైలు మీద సంతకం పెట్టగలదా లేదా అని అడగడం పౌరుల పని. 2012లోనే రేసులు మానేసిన షుమాకర్ చేతిలో ఏ పదవీ లేదు.

మౌనాన్ని అమ్ముకున్నవాళ్లు మాత్రం తగ్గలేదు. 2015 చివర్లో ఒక జర్మన్ పత్రిక అతను మళ్లీ నడుస్తున్నాడని రాసింది. అది అబద్ధం. కోర్టు 50,000 యూరోల పరిహారం ఇప్పించింది. 2023 ఏప్రిల్‌లో డి అక్టువెల్లె అనే వారపత్రిక ఇంకా దిగజారింది. షుమాకర్ తొలి ఇంటర్వ్యూ అంటూ ముఖచిత్రం వేసి, లోపల కృత్రిమ మేధతో తయారుచేసిన జవాబులు అచ్చేసింది. నోరు లేని మనిషి నోట్లో మాటలు కుక్కింది. ఎడిటర్ ఉద్యోగం పోయింది, యాజమాన్యం క్షమాపణ చెప్పింది, కుటుంబానికి 2 లక్షల యూరోలు కట్టాల్సి వచ్చింది. షుమాకర్ ఇంట్లో పనిచేసిన పాత సెక్యూరిటీ ఉద్యోగి ద్వారా వందల ఫోటోలు, వీడియోలు బయటికెళ్లాయి. కోటిన్నర యూరోలు ఇవ్వకపోతే ఇంటర్నెట్‌లో పెడతామని ఒక ముఠా బెదిరించింది. 2025 ఫిబ్రవరిలో జర్మనీలోని వుప్పర్టాల్ కోర్టు వాళ్లకు శిక్ష వేసింది. ఆ ఫోటోలకు అంత ధర పలుకుతుందని వాళ్లు నమ్మారంటే, చూడాలనుకునేవాళ్లు ఎక్కడో ఉన్నారనే కదా! అది ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది.

అలాగని మౌనమొక్కటే మర్యాద అనను. 2014 అక్టోబర్‌లో జపాన్‌లోని సుజుకాలో గాయపడిన ఫార్ములా వన్ డ్రైవర్ జూల్ బియాంకీ కుటుంబం మెదడుకు ఎలాంటి దెబ్బ తగిలిందో తామే చెప్పింది. కోమాలో గడిచిన తొమ్మిది నెలలూ తండ్రి అప్పుడప్పుడు తన బాధ దాచుకోకుండా మాట్లాడాడు. అదే ఏడాది నవంబర్‌లో సిడ్నీలో బౌన్సర్ తగిలి ఆస్ట్రేలియా క్రికెటర్ ఫిలిప్ హ్యూస్ చనిపోయినప్పుడు జట్టు డాక్టరు వైద్య వివరాలు చెప్పాడు, కెప్టెన్ మైకేల్ క్లార్క్ కుటుంబం మాటను చదివి వినిపించాడు. అభిమానులు ఇళ్ల గుమ్మాల్లో బ్యాట్లు ఆనించి పెట్టారు. మాట్లాడాలా వద్దా, ఎంత చెప్పాలి అన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం.

2021 జూన్ 12న కోపెన్‌హాగన్ మైదానంలో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి పడిపోయాడు. డెన్మార్క్ ఆటగాళ్లు వైద్యులకు అడ్డుగోడలా చుట్టూ నిలబడి, అతని వైపు వీపు తిప్పి లోకానికి ఎదురుగా నిలిచారు. ప్రత్యర్థి ఫిన్లాండ్ అభిమానులు తమ జెండాలను మరుగుకు ఇచ్చారు. స్టేడియంలో ఒక వైపు 'క్రిస్టియన్' అని అరిస్తే మరో వైపు 'ఎరిక్సన్' అని అందుకున్నారు. టీవీ మాత్రం ఏడుస్తున్న అతని సహచరిని చూపించి తిట్లు తిన్నది.

మన దగ్గర ఈ చర్చను తెచ్చింది రిషభ్ పంత్ ప్రమాదం. 2022 డిసెంబర్ 30 తెల్లవారుజామున రూర్కీ దగ్గర అతని కారు డివైడర్‌ను ఢీకొని తగలబడింది. సాయానికి పరుగెత్తిన హర్యానా బస్సు డ్రైవర్‌కు అతనెవరో కూడా తెలియదు. కాసేపటికే రక్తం కారుతున్న ముఖంతో ఫోటోలు, వీడియోలు ఫోన్ల నిండా నిండాయి. కొన్ని టీవీ చానళ్లు మసక కూడా పెట్టకుండా చూపించాయి. పది రోజుల తర్వాత కేంద్ర సమాచార ప్రసార శాఖ ఈ ఉదంతాన్ని కూడా ఉదహరిస్తూ, ఇలాంటి దృశ్యాలు చూపవద్దని చానళ్లకు సూచనలు పంపింది. పంత్ 2024 ఐపీఎల్‌కు తిరిగొచ్చి, అదే ఏడాది టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ సూచనలు వెళ్లింది టీవీ చానళ్లకే. రోడ్డు పక్కన ఫోన్ తీసినవాడికీ, దాన్ని ఇంకొకరికి పంపినవాడికీ అవి వర్తించవు. ఆ వీడియోలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.