సెకండ్ హ్యాండ్ వీడియో గేమ్స్: కొన్న డిస్క్‌ను అమ్ముకునే హక్కుపై ఎందుకింత రగడ?

షాపులో డబ్బులు పెట్టి కొత్త వీడియో గేమ్ డిస్క్ కొన్నారు. నెల తిరక్కుండానే ఆట పూర్తయింది. ఆ డిస్క్‌ను సగం ధరకు ఇంకొకరికి అమ్మేయొచ్చా? పాత పుస్తకం, పాత బైక్ అమ్మినట్టే కదా, ఇందులో అడగాల్సిందేముంది అనిపిస్తుంది. కానీ గేమింగ్ కంపెనీలు ఏళ్ల తరబడి ఈ అమ్మకానికి అడ్డుకట్ట వేయాలని చూస్తూనే ఉన్నాయి. జపాన్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. అమెరికాలో గేమ్ డబ్బాలో సీక్రెట్ కోడ్‌లు పెట్టాయి. 2013లో మైక్రోసాఫ్ట్ ఏకంగా కన్సోల్‌లోనే ఆంక్షలు పెట్టబోయి, జనం ఆగ్రహంతో యూటర్న్ తీసుకుంది.

ఇక్కడ విచిత్రం ఏంటంటే, అమెరికాలో గానీ జపాన్‌లో గానీ పాత గేమ్ డిస్క్‌ల అమ్మకాన్ని చట్టం నిషేధించలేదు. అయినా ఆ మార్కెట్ కళ్లముందే కరిగిపోతోంది.

గొడవంతా ఆ రెండో అమ్మకం దగ్గరే

అమెరికాలో గేమ్‌స్టాప్ అనే పెద్ద రిటైల్ చెయిన్ ఉంది. ఆడేసిన గేమ్‌లు తెచ్చిస్తే తీసుకుని, ఆ విలువకు స్టోర్ క్రెడిట్ ఇస్తుంది. అదే డిస్క్‌ను మళ్లీ అమ్ముతుంది. కొత్త గేమ్ అమ్మితే షాపుకు మిగిలేది దాదాపు 20 శాతమే. 60 డాలర్ల గేమ్‌పై 12 డాలర్లన్నమాట. పాత గేమ్ సంగతి వేరు. ఉదాహరణకు 25 డాలర్లకు తీసుకుని 50కి అమ్మితే సగానికి సగం లాభమే. గేమ్‌స్టాప్ 2011 ఆర్థిక సంవత్సరం లెక్కల్లో పాత సరుకు వాటా ఆదాయంలో పావు వంతుకు కాస్త ఎక్కువ. స్థూల లాభంలో మాత్రం దాదాపు సగం.

మరి గేమ్ తయారు చేసిన స్టూడియోకు, పబ్లిషర్‌కు ఆ రెండో అమ్మకంలో దక్కేదెంత? సున్నా. పైగా కొత్త డిస్క్ పక్కనే అదే గేమ్ పాత డిస్క్ ఐదు డాలర్లు తక్కువకు కనిపిస్తుంటుంది. కంపెనీల మంట అక్కడే. పాత పుస్తకమైతే పేజీలు నలిగిపోతాయి, పాత బైక్ ఇంజిన్ అరుగుతుంది. గీతలు పడకపోతే డిస్క్‌లో ఆట పదో మనిషికీ కొత్తదే. ఆన్‌లైన్ గేమ్ అయితే రెండో కొనుగోలుదారుకూ సర్వర్ ఖర్చు కంపెనీదే. ఈ వాదనను కొట్టిపారేయలేం.

2011లో ఫ్రాన్స్ స్టూడియో క్వాంటిక్ డ్రీమ్ ఒక లెక్క బయటపెట్టింది. ప్లేస్టేషన్ 3 కోసం తాము చేసిన 'హెవీ రెయిన్' దాదాపు 20 లక్షల కాపీలు అమ్ముడైందని, ఆటగాళ్లకు వచ్చే ట్రోఫీల ప్రకారం చూస్తే మాత్రం 30 లక్షల మందికి పైగా ఆడారని చెప్పింది. 50 లక్షల నుంచి కోటి యూరోల దాకా రాయల్టీ పోయిందన్నది ఆ సంస్థ అంచనా.

అయితే ఈ లెక్కలో పెద్ద చిల్లే ఉంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరూ వేర్వేరు అకౌంట్లతో ఆడితే ఇద్దరు ఆటగాళ్లు, ఒక్కటే డిస్క్. అద్దెకు తెచ్చుకున్నవాళ్లు, ఫ్రెండ్ దగ్గర తీసుకున్నవాళ్లూ ఇందులోకే వస్తారు. అన్నింటికీ మించి, 25 డాలర్లకు పాతది కొన్న ప్రతి ఒక్కరూ అది దొరక్కపోతే 60 పెట్టి కొత్తది కొనేవాళ్లే అనుకోవడం అత్యాశే.

షాపులది ఇంకో వాదన. పాత డిస్క్‌పై వచ్చిన క్రెడిట్‌లో ఎక్కువ భాగం మళ్లీ కొత్త గేమ్‌ల మీదే ఖర్చవుతుందని గేమ్‌స్టాప్ చెబుతూ వచ్చింది. రేపు అమ్ముకోవచ్చనే ధీమా ఉంటేనే ఈరోజు పూర్తి ధర పెట్టడానికి చేతులొస్తాయి. మన దగ్గర ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు 'డీమన్స్ సోల్స్' లాంటి గేమ్ ధర 4,999 రూపాయలు. ఆడాక ఓఎల్‌ఎక్స్‌లో పెట్టేద్దాం అనుకునే కొన్నవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

దీనిపై పరిశోధన కూడా జరిగింది. జపాన్ గేమ్ మార్కెట్ డేటాను విశ్లేషించి ఇద్దరు నిపుణులు రాసిన పేపర్ 2019లో 'మార్కెటింగ్ సైన్స్' జర్నల్‌లో వచ్చింది. పాత గేమ్‌ల మార్కెట్‌ను ఎత్తేసి, కొత్త గేమ్ ధరలు మార్చకుండా ఉంచితే పబ్లిషర్ లాభం తగ్గుతుంది. ధరలను తగినట్టు సర్దుబాటు చేస్తేనే లాభం పెరుగుతుంది. ఇదీ వాళ్లు తేల్చింది. ఆంక్షలు కోరిన కంపెనీలు ఈ రెండో సగం గురించి పెద్దగా మాట్లాడింది లేదు.

కోర్టులు ఏమన్నాయి?

అమెరికాలో ఈ కథ వీడియో గేమ్‌లకన్నా చాలా పాతది. 1904లో ఒక నవల మీద ప్రచురణకర్తలు 'డాలర్ కన్నా తక్కువకు అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే' అని అచ్చేశారు. మేసీస్ స్టోర్ దాన్ని 89 సెంట్లకు అమ్మింది. కేసు సుప్రీంకోర్టుకు చేరితే 1908లో ప్రచురణకర్తలే ఓడిపోయారు. ఒకసారి అమ్మాక ఆ కాపీని కొన్నవాళ్లు ఎంతకు అమ్ముకుంటారన్నది మీకు సంబంధం లేదని కోర్టు తేల్చింది. దీన్నే ఫస్ట్ సేల్ సూత్రం అంటారు. తర్వాత చట్టంలోనూ చేరింది. 1990లో సాఫ్ట్‌వేర్ అద్దెకు ఇవ్వడాన్ని నిషేధించినప్పుడు కూడా కన్సోల్ గేమ్‌లకు మినహాయింపు దక్కింది.

జపాన్ కేసు మరీ ఆసక్తికరం. అక్కడి కాపీరైట్ చట్టంలో సినిమాలకు ప్రత్యేకంగా 'పంపిణీ హక్కు' ఉంది. సినిమా రీలు ఏ థియేటర్ నుంచి ఏ థియేటర్‌కు వెళ్లాలో నిర్మాతే నిర్ణయించేందుకు పెట్టిన ఏర్పాటది. వీడియో గేమ్ కూడా తెరపై కదిలే బొమ్మలే కాబట్టి అదీ సినిమానే, పాత కాపీల అమ్మకాన్ని ఆపే హక్కు మాకుంది అంటూ కాప్‌కామ్, కొనామి, నామ్కో, స్క్వేర్ లాంటి దిగ్గజాలు పాత గేమ్‌ల షాపులపై కోర్టుకెక్కాయి. ఇలాంటి వివాదంపైనే 1999లో టోక్యో జిల్లా కోర్టు షాపుల పక్షాన తీర్పిస్తే, అదే ఏడాది ఒసాకా జిల్లా కోర్టు కంపెనీలకు జై కొట్టింది. పైకోర్టుల్లో షాపులే గెలిచాయి. చివరికి 2002 ఏప్రిల్ 25న జపాన్ సుప్రీంకోర్టు తేల్చేసింది. గేమ్ సినిమా లాంటిదే, పంపిణీ హక్కూ ఉంది. కానీ థియేటర్ రీలులా కాకుండా జనానికి నేరుగా అమ్మే సరుకు కాబట్టి మొదటి అమ్మకంతోనే ఆ హక్కు అయిపోతుంది అని. వాదనలో సగం ఒప్పుకుని కేసులో ఓడించడమంటే ఇదే.

మన దేశంలో? కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల విషయంలో 1994 సవరణ ప్రకారం, అంతకుముందు ఆ కాపీ అమ్ముడైనా సరే, అమ్మకంపై పట్టు హక్కుదారుదే. 1999 సవరణలో ఆ మాటలు తీసేశారు.

పది డాలర్ల ప్లాన్

కోర్టుల్లో కుదరకపోవడంతో కంపెనీలు రూటు మార్చాయి. డిస్క్ అమ్ముకోండి, మేం ఆపం. కానీ అందులో అన్నీ ఉండవు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాస్ అదే. కొత్త గేమ్ డబ్బాలో ఒకే ఒక్కసారి పనిచేసే కోడ్ ఉంటుంది. పాత డిస్క్ కొన్నవాళ్లు ఆన్‌లైన్‌లో ఆడాలంటే 10 డాలర్లు కట్టి కొత్త కోడ్ కొనుక్కోవాలి. 2011లో సోనీ కూడా 'రెసిస్టెన్స్ 3'తో ఇలాంటి పాస్ తెచ్చింది. అదే ఏడాది వచ్చిన 'బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ సిటీ'లో అయితే క్యాట్‌వుమన్ పాత్రతో ఆడే భాగాలకే తాళం వేశారు. వాటికి సర్వర్‌తో పనే లేదు, అవి ఒంటరిగా ఆడుకునే భాగాలు. సర్వర్ ఖర్చుల కోసమే అన్న వాదన ఇక్కడ నిలబడదు. చివరికి 2013 మేలో ఈఏ తన ఆన్‌లైన్ పాస్‌ను ఎత్తేసింది.

13 రోజుల్లో యూటర్న్

సరిగ్గా ఆ సమయంలోనే మైక్రోసాఫ్ట్ బాంబు పేల్చింది. 2013 మే 21న ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించి, జూన్ 6న రూల్స్ బయటపెట్టింది. ప్రతి 24 గంటలకోసారి కన్సోల్ ఇంటర్నెట్‌కు కనెక్ట్ కావాలి, లేదంటే గేమ్ ఆడలేం. పాత గేమ్ అమ్మనివ్వాలా వద్దా అనేది పబ్లిషర్ ఇష్టం. ఫ్రెండ్‌కు ఇవ్వాలంటే అతను కనీసం 30 రోజులుగా మీ ఫ్రెండ్స్ లిస్టులో ఉండాలి, అదీ ఒక్కసారే. పైగా మొదట విడుదలయ్యే 21 దేశాల జాబితాలో భారత్ లేదు. జాబితాలో లేని దేశంలో కన్సోల్ పనిచేయదన్నారు. అంటే అమెరికా నుంచి అన్నయ్య పంపినా ఇక్కడ అలంకారానికే!

నిజానికి ఆ ప్లాన్‌లో మంచీ ఉంది. డిస్క్ పెట్టకుండానే ఆడుకోవచ్చు, పది మంది కుటుంబ సభ్యులతో గేమ్‌లు పంచుకోవచ్చు. కానీ ఎవరు వింటారు? ఇంటర్నెట్ లేనివాళ్లకు పాత ఎక్స్‌బాక్స్ 360 ఉందిగా అని అప్పటి ఎక్స్‌బాక్స్ బాస్ డాన్ మాట్రిక్ అనడంతో పుండు మీద కారం చల్లినట్టయింది.

జూన్ 10న లాస్ ఏంజెలెస్ ఈ3 షోలో సోనీ ఈ అవకాశాన్ని వదల్లేదు. ప్లేస్టేషన్ 4లో పాత గేమ్‌లపై ఎలాంటి ఆంక్షలూ ఉండవని ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గేమ్ ఎలా షేర్ చేసుకోవాలో చూపిస్తూ ఒక చిన్న వీడియో కూడా వదిలింది. అందులో ఒక అధికారి ఇంకొకరి చేతికి గేమ్ డబ్బా అందిస్తాడు, అంతే! ధర కూడా ఎక్స్‌బాక్స్ వన్ 499 డాలర్లయితే పీఎస్4 కేవలం 399. రెండేళ్ల కిందట పాస్ పెట్టింది ఈ సోనీయే అన్న సంగతి ఆరోజు ఎవరికీ గుర్తు రాలేదు. జూన్ 19న మైక్రోసాఫ్ట్ ఆంక్షలన్నీ వెనక్కి తీసుకుంది. (మన సత్య నాదెళ్ల సీఈవో అయ్యింది 2014 ఫిబ్రవరిలో. ఇదంతా స్టీవ్ బామర్ హయాంలో జరిగింది.)

మరి ఇప్పుడు అమ్మడానికి ఏముంది?

గేమర్లు గెలిచారనే అనుకున్నారంతా. కానీ పీసీ గేమ్‌ల సంగతి అప్పటికే తేలిపోయింది. 2004లో 'హాఫ్-లైఫ్ 2' డిస్క్ కొన్నా స్టీమ్ అకౌంట్‌కు లింక్ చేయాల్సిందే. ఆ తర్వాత ఆ డిస్క్ ఇంకొకరికి పనికిరాదు. కన్సోల్స్ కూడా నెమ్మదిగా అదే దారి పట్టాయి. 2020లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, పీఎస్5 డిజిటల్ ఎడిషన్ డిస్క్ డ్రైవ్ లేకుండానే వచ్చాయి. 2024లో వచ్చిన 699 డాలర్ల పీఎస్5 ప్రోలోనూ డ్రైవ్ లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. డౌన్‌లోడ్ చేసిన గేమ్‌కు మీ దగ్గర ఉండేది లైసెన్స్ మాత్రమే. ఎవరూ ఏదీ నిషేధించలేదు. అమ్ముకునే వస్తువే మాయమైంది.

డౌన్‌లోడ్‌లనూ అమ్ముకోనివ్వాలని యూరప్‌లో గట్టి పోరాటమే జరిగింది. డౌన్‌లోడ్ చేసిన సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌ను తిరిగి అమ్మొచ్చని 2012లో ఒరాకిల్ కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు తీర్పిచ్చింది. దాని ఊపుతో ఫ్రాన్స్‌లోని ఒక వినియోగదారుల సంఘం స్టీమ్ నడిపే వాల్వ్‌పై కేసు వేసి 2019లో పారిస్ కోర్టులో గెలిచింది. 2022లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. గేమ్ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, సంగీతం, బొమ్మలు, కథ కలిసిన రచన కాబట్టి సాఫ్ట్‌వేర్ రూల్ వర్తించదన్నది కారణం. 2024 అక్టోబర్‌లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్నే ఖాయం చేసింది. జపాన్‌లో షాపుల ముందు ఓడిన 'గేమ్ ఒక కళారూపం' అనే వాదన, ఫ్రాన్స్‌లో కంపెనీలను గెలిపించింది.

కాలిఫోర్నియా చేసిందల్లా మాట సరిచేయడం. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఇస్తున్నది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ స్టోర్‌లు 'బై' అనే మాట వాడకూడదు.

2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2లో మధ్యేమార్గం కనిపిస్తోంది. కొన్ని గేమ్‌లను 'గేమ్-కీ కార్డు' రూపంలో అమ్ముతున్నారు. కార్డులో గేమ్ ఉండదు, తాళంచెవి ఉంటుంది. కార్డు పెట్టి గేమ్ డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆడే ప్రతిసారీ కార్డు లోపల ఉండాలి. దాన్ని ఫ్రెండ్‌కు ఇవ్వొచ్చు, అమ్ముకోనూ వచ్చు. డబ్బా ముందువైపే ఆ విషయం రాసి ఉంటుంది కాబట్టి పాత కార్డు కొనేటప్పుడు చూసుకోవాలి. డౌన్‌లోడ్ సర్వర్ నడిచినంత కాలమే కొత్తగా కొన్నవాళ్లకు ఆ కార్డు పనికొస్తుంది.