నర్సింగ్ హోములు, 541 ప్రశ్నలు

మన ఊళ్ళో నర్సింగ్ హోమ్ అంటే కాన్పుకో, అపెండిసైటిస్ ఆపరేషన్‌కో వెళ్ళే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అదే మాటకి అర్థం వేరు. తమ పని తాము చేసుకోలేని పెద్దవాళ్ళు నెలల తరబడి, ఒక్కోసారి చివరిదాకా ఉండే చోటు అది. అక్కడ ముసలాయన్ని పట్టించుకోకపోయినా, కొట్టినా కుటుంబం కోర్టుకెళ్ళొచ్చు అంటే ఇప్పుడు మామూలు విషయంలా అనిపిస్తుంది. కానీ ఆ దారి పడడానికి చాలా ఏళ్ళు పట్టింది. ముఖ్యంగా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఈ కథ తెలుసుకోవాలి. ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. పేద వృద్ధులకి నెలనెలా డబ్బు ఇస్తారు, అయితే ప్రభుత్వ బీదశాలల్లో ఉండేవాళ్ళకి మాత్రం ఇవ్వరు. ఆ బీదశాలల పరిస్థితి అంత ఘోరంగా ఉండేది, అవి పోవాలనే ఉద్దేశం. దాంతో ప్రైవేటు ఇళ్ళు పుట్టుకొచ్చాయి. 1965లో మెడికేర్, మెడికెయిడ్ వచ్చాక ఇది పెద్ద వ్యాపారమే అయిపోయింది. డబ్బు ప్రభుత్వానిది, లాభం యజమానిది. మరి మంచం మీద ఉన్న మనిషి సంగతి? 1974లో సెనేటర్ ఫ్రాంక్ మాస్ నడిపిన ఉపసంఘం ఒక నివేదిక మొదలుపెట్టి, దాని పేరులోనే ఇది ప్రభుత్వ విధానం వైఫల్యం అని రాసేసింది.

అసలు కథ 1975లో డెన్వర్‌లో మొదలైంది. అక్కడి నర్సింగ్ హోముల్లో మెడికెయిడ్ మీద ఉంటున్న కొందరు కేసు వేశారు. నర్సింగ్ హోముతో ఆగకుండా ప్రభుత్వాన్నీ కోర్టుకి లాగడం ఇందులో విశేషం. నిబంధనలు పెట్టారు, డబ్బులిస్తున్నారు, మరి లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే బాధ్యత మీకు లేదా అని వాళ్ళ వాదన. ఇదే తర్వాత స్మిత్ వర్సెస్ హెక్లర్ కేసు అయింది (హెక్లర్ అప్పటి ఆరోగ్య శాఖ మంత్రి).

విచారణలో ఒక లెక్క బయటపడింది. తనిఖీకి వచ్చేవాళ్ళు నింపే ఫారంలో 541 ప్రశ్నలు. అందులో రోగి సంరక్షణతో కాస్తో కూస్తో సంబంధం ఉన్నవి, లేదా రోగిని కళ్ళతో చూడాల్సిన అవసరం పడేవి, 30 మాత్రమే! ఆ సంస్థకి బాగా చూసుకునే ఏర్పాట్లు ఉన్నాయా అని అడిగారే గానీ, నిజంగా చూసుకుంటోందా అని అడగలేదు.

మన ఆఫీసుల్లో ప్రాసెస్ ఆడిట్లు గుర్తొచ్చాయా? టెస్ట్ ప్లాన్ డాక్యుమెంట్ ఉందా? ఉంది. రివ్యూ సంతకం ఉందా? ఉంది. ఇంతకీ సాఫ్ట్‌వేర్ పనిచేస్తోందా? ఆ ప్రశ్న ఫారంలో లేదు. మనకైతే ప్రొడక్షన్‌లో బగ్ వస్తుంది, రాత్రి కూర్చుని సరిచేస్తాం. అక్కడ బగ్ అంటే ఒక మనిషి వీపు మీద పడే పుండు.

కింది కోర్టు ఇదంతా నిజమే గానీ ప్రభుత్వానికి ఆ బాధ్యత లేదు పొమ్మంది. 1984లో పై కోర్టు ఆ తీర్పు తిప్పేసింది. 1986లో నిపుణుల సంఘం ఒకటి సంస్కరణలు సూచించింది, 1987 డిసెంబరులో రీగన్ సంతకంతో చట్టం అయింది. సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని కట్టేయకూడదు, మందులిచ్చి పడుకోబెట్టకూడదు, ఉన్నపళంగా ఇంకో చోటికి పంపేయకూడదు. ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలని అంతకుముందే, 1978లోనే, చట్టం చేశారు.

సరే, హక్కులు వచ్చాయి. అవి దక్కకపోతే? కుటుంబం కేసు వేయొచ్చని 1987 చట్టంలో సూటిగా లేదు. 2016లో ఇండియానాలో మతిమరుపు జబ్బు ఉన్న ఒకాయన్ని ప్రభుత్వ సంస్థకి చెందిన నర్సింగ్ హోములో చేర్పించారు. చేరినప్పుడు నడిచేవాడు, తనే తినేవాడు, మనుషుల్ని గుర్తుపట్టేవాడు. కొన్నాళ్ళకే అన్నీ పోయాయి. జబ్బు ముదిరిందన్నారు. తీరా చూస్తే ఆరు రకాల మత్తు, మానసిక మందులు ఇస్తున్నారని కుటుంబం ఆరోపణ. బయటి డాక్టరు అవి తగ్గించమన్నాక మళ్ళీ తనే తినగలిగాడట. 2019లో కేసు వేశారు, 2021లో ఆయన పోయారు. 2023 జూన్ 8న సుప్రీంకోర్టు 7-2తో కుటుంబం వైపే తీర్పిచ్చింది. దానికి ఆధారం 1871 నాటి చట్టం, కు క్లక్స్ క్లాన్ దౌర్జన్యాల నుంచి నల్లవాళ్ళని కాపాడడానికి చేసింది. 1987 హక్కుకి కోర్టు తలుపు తెరుచుకోవడానికి 36 ఏళ్ళు!

ఒక చిక్కుంది. ఈ దారి ప్రభుత్వ సంస్థల మీదే పనికొస్తుంది. ఎక్కువ భాగం హోములు ప్రైవేటువే, వాటి మీద ఆయా రాష్ట్రాల నిర్లక్ష్య పరిహార చట్టాల కింద వెళ్ళాలి. అక్కడ అడ్డొచ్చేది చేరేరోజు సంతకం పెట్టించుకునే ఆర్బిట్రేషన్ కాగితం. అంటే గొడవొస్తే కోర్టుకి వెళ్ళను, ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకుంటాను అని రాసివ్వడం. 2017లో కెంటకీ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఒప్పందాల విషయంలో హోముల వైపే నిలిచింది. 2019లో వచ్చిన నిబంధన కొంత నయం. మెడికేర్, మెడికెయిడ్ తీసుకునే హోములు ఆ సంతకం పెడితేనే చేర్చుకుంటాం అనకూడదు, పెట్టినా 30 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఈ ఒక్క ముక్కైనా గుర్తుపెట్టుకోండి.

మరి మన దగ్గర? 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ముఖ్యంగా చూడని పిల్లల్ని నిలదీస్తుంది. సరిగ్గా చూడని ప్రైవేటు ఆశ్రమాల సంగతికొస్తే, వాటికి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెడుతూ 2019 డిసెంబరులో లోక్‌సభకి ఒక సవరణ బిల్లు వచ్చింది. అది పాస్ కాకుండానే 2024లో సభ రద్దై బిల్లూ మురిగిపోయింది. అమ్మానాన్నల్ని హైదరాబాదులో ఏదో ఒక హోములో పెట్టి, వీడియో కాల్‌లో పలకరించేవాళ్ళు మనలో ఎంతమంది లేరు?

ఎక్కడ చేర్పించినా ముందు బ్రోషర్ చేతిలో పెడతారు. ఏసీ గది, తోట, గుడి, అంబులెన్సు అన్నీ ఉంటాయందులో. అవి ఆ 541లో పోయే ప్రశ్నలు. నిన్న రాత్రి మంచినీళ్ళు అడిగితే ఎవరైనా ఇచ్చారా అని అక్కడున్న పెద్దావిడని అడగండి. అది 30లో ప్రశ్న.